మూత వేసిన లాప్‌టాప్

మా కొట్టు మెట్ల కింద ఉంటుంది. రెండంతస్తుల మేడలో ఒక పక్క జిరాక్సు కొట్టు, ఇంకో పక్క కళ్ళద్దాల కొట్టు. ఆ రెండిటి మధ్య పైకెళ్ళే మెట్ల కింద మిగిలిపోయిన మూలని నేను అద్దెకి తీసుకున్నాను. నిలబడితే తల తగులుతుంది, కూర్చుంటే సరిపోతుంది. నా పనికి కూర్చోవడమే కావాలి. పదమూడేళ్ళుగా అక్కడే లాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. వీధిలో చిన్నా పెద్దా అందరూ నన్ను లాప్‌టాప్ అక్క అంటారు. నా అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు.

పూర్తిగా చచ్చిపోయి వచ్చే మెషీన్‌తో నాకు గొడవ లేదు. ఎక్కడ చచ్చిందో వెతుకుతాను, దొరుకుతుంది. నా ప్రాణం తీసేది అప్పుడప్పుడూ మాత్రమే పాడయ్యేది. ఇంట్లో రోజుకి పదిసార్లు ఆగుతుంది. నా బల్ల మీదికి రాగానే హెడ్మాస్టరు ముందు నిలబడ్డ పిల్లాడిలా బుద్ధిగా పనిచేస్తుంది. తీసుకెళ్ళి ఇంట్లో పెట్టగానే మళ్ళీ మామూలే.

నేను చెప్పబోయేది అలాంటి మెషీన్ సంగతే. అది మా చెల్లెలిది.

చెల్లెలు మొగుడితో తెగతెంపులు చేసుకుని, ఒక్క సూట్‌కేసుతో మా ఇంటికొచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. మా మేడ మీది గదిలో ఉండేది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. ఆ మధ్యే దానికో పని దొరికింది. ఆస్పత్రుల్లో డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి రికార్డు చేసి పంపుతారు, చెల్లెలు చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని విని ఉత్తరాలుగా టైపు చేసి పంపాలి. ఇంట్లోంచే పని. నెలరోజులు చూస్తామన్నారు, నచ్చితే ఉంచుకుంటారు. దానికోసం పాత సామాన్ల తాత దగ్గర సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ ఒకటి నేనే ఏరి తెచ్చాను. బరువుగా, మందంగా, మూత మీద గీతలతో ఉన్న పాతకాలం మెషీన్. బ్యాటరీ చూశాను, మీటలన్నీ నొక్కి చూశాను, బాగుంది తీసుకో అన్నాను. అందుకే నాలుగో రోజు చెల్లెలు దాన్ని చంకలో పెట్టుకుని కొట్టుకొచ్చినప్పుడు నాకు సిగ్గేసింది.

"అక్కా, తెర నల్లబడుతోంది."

"ఎప్పుడు?"

"ఎప్పుడు పడితే అప్పుడు. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. చెవుల్లో డాక్టరు మాట్లాడుతూనే ఉంటాడు. తెర ఒక్కటే పోతుంది. పది నిమిషాలకో, అరగంటకో దానంతటదే వస్తుంది."

"మూత ఏమైనా కదిపావా?"

"ముట్టుకోలేదు. నీ మీదొట్టు."

మూతకీ అడుగు భాగానికీ మధ్య, మడత దగ్గర సన్నటి కేబుల్ ఒకటి వెళ్తుంది. ఏళ్ళ తరబడి మూసి తెరిచేసరికి లోపల నలిగిపోతుంది. ఇలాంటి రోగానికి నూటికి తొంభైసార్లు కారణం అదే. రెండు రోజులు మెషీన్‌ని బల్ల మీద పెట్టుకున్నాను. మూతని వందసార్లు తెరిచాను, మూశాను, మెల్లగా వంచాను, వేలితో తట్టాను. తెర ఒక్కసారి కూడా రెప్ప వెయ్యలేదు. అయినా కొత్త కేబుల్ వేసి ఇచ్చాను.

ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. "మళ్ళీ పోయిందక్కా."

ఈసారి విడిగా ఇంకో మానిటర్ తగిలించి ఇచ్చాను. మెషీన్ తెర పాడైతే బయటి మానిటర్‌లో అయినా బొమ్మ కనపడాలి. మర్నాడు చెల్లెలు చెప్పింది, రెండూ ఒకేసారి నల్లబడుతున్నాయని. అంటే తెరలో లోపం లేదు. మెషీనే కావాలని తెర ఆపేస్తోంది.

చెల్లెలు పాత క్యాలెండర్ కాగితం వెనక వేళలన్నీ రాసి పెట్టింది. చిన్నప్పట్నుంచీ దాని రాత ముత్యాల్లా ఉంటుంది. పదకొండూ ఇరవై, పన్నెండూ ఐదు, ఒంటిగంటా నలభై, రెండూ పది. ఆ కాగితం నా చేతికిచ్చి, నా మొహం చూడకుండా చెప్పింది.

"నిన్న రెండు ఉత్తరాలు ఆలస్యమయ్యాయని రాశారు. ఇంకోసారి అయితే తీసేస్తారట. ఇది పోతే నేనేం చెయ్యాలక్కా? నేను మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళలేను."

"ఎవరు వెళ్ళమన్నారే నిన్ను?" అన్నాను. కానీ రోజంతా ఆ మాట నా గుండెల్లో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు మూసి మా ఇంటి మేడ మీదికి వెళ్ళాను. ముసురు పట్టింది. గదిలో పగలే లైటు వేసుకోవాల్సినంత చీకటి. చెల్లెలు టైపు చేస్తోంది, నేను దాని మంచం మీద కూర్చుని చూస్తున్నాను. కిటికీ రేకు మీద వాన చప్పుడు, మీటల చప్పుడు. కాసేపటికి నాకు కునుకు పట్టేలా ఉంది.

అప్పుడు వాసన వచ్చింది.

ముందు మందుల వాసన అనుకున్నాను. తర్వాత దాని కింద ఇంకేదో. ఎండలో వెయ్యని పరుపు వాసన. పుండుకి రాసే తెల్ల మలాం వాసన. తల ఎత్తేసరికి తెర నల్లబడింది.

చెల్లెలు మీటల మీంచి చేతులు తీసేసింది. "చూశావా," అంది మెల్లగా.

"ఈ వాసన..."

"తెర పోయినప్పుడే వస్తుంది. నేను నీకు చెప్పలేదు. పిచ్చిదాన్నంటావని."

జేబులోంచి చిన్న టార్చి తీశాను. తెర వెనక దీపం ఆరిపోతే, పక్కనుంచి టార్చి వేసి చూస్తే బొమ్మ మసగ్గా కనపడుతుంది. ఇది మా పనిలో అందరూ చేసే పరీక్షే. టార్చి ఏటవాలుగా పట్టాను. నల్లటి గాజు లోపల ఏదో తెల్లటి కాగితంలాంటిది, దాని మీద మరకల్లాంటి గీతలు. చెల్లెలి పని కాగితం కాదది. ఇంకాస్త దగ్గరికి వంగేలోపే తెర వెలిగింది. చెల్లెలి ఉత్తరం ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. వాసన పోయింది.

ప్రతి మెషీన్ లోపల ఒక డైరీ ఉంటుంది. ఎప్పుడు వెలిగింది, ఎప్పుడు ఆరింది, ఎందుకు ఆరింది అన్నీ రాసుకుంటుంది. అది తెరిచాను. చెల్లెలి కాగితం మీదున్న వేళలన్నీ అక్కడున్నాయి. ప్రతి వేళ పక్కనా ఒకటే కారణం. మూత మూశారు.

నా ఎదురుగా మూత బార్లా తెరిచి ఉంది.

అప్పటికి నాకు భయం వెయ్యలేదు. సంతోషమే వేసింది. మూత అంచులో చిన్న అయస్కాంతం ఉంటుంది, కింద దాన్ని పసిగట్టే గింజంత ముక్క ఉంటుంది. మూత పడితే ఆ ముక్క మెషీన్‌కి చెప్తుంది, మెషీన్ తెర ఆపేస్తుంది. ఆ ముక్కకి మతి చెడిందన్నమాట. చెల్లెలికి నా కొట్టు లాప్‌టాప్ ఇచ్చి, ఆ పాతదాన్ని నాతో తెచ్చేసుకున్నాను. రాత్రి అన్నం తినేటప్పుడు మా ఆయనతో గొప్పగా చెప్పాను కూడా, రోగం దొరికిందని.

తెల్లారి కొట్టు తెరవగానే మొదట ఆ పనే పట్టుకున్నాను. అడుగు విప్పి, ఆ గింజంత ముక్కని వేడి చేసి ఊడదీసి, సీసా మూతలో పెట్టాను. మళ్ళీ బిగించి మెషీన్ వెలిగించాను. ఇక మూత పడినా లేచినా దానికి తెలిసే దారి లేదు. గంటలు గంటలు వదిలేశాను. వేరే పనులు చేసుకున్నాను. మధ్యాహ్నం జిరాక్సు అబ్బాయి భోజనానికి వెళ్ళాడు, కళ్ళద్దాలాయన కొట్టు కట్టేసి కునుకు తీస్తున్నాడు. వీధిలో వాన తప్ప ఏమీ లేదు. జల్లు లోపలికి కొడుతోందని షట్టర్ సగం దించాను.

ఒంటిగంటా యాభై రెండుకి తెర నల్లబడింది.

నేను సీసా మూత వైపు చూశాను. ముక్క అందులోనే ఉంది.

మెట్ల కింద ఆ మూల అంతా పరుపు వాసన నిండిపోయింది. మలాం వాసన. ఉచ్చ వాసన కూడా. పైన మెట్ల మీద ఎవరైనా నడిస్తే బాగుండనిపించింది. ఎవరూ నడవలేదు.

మూత పడిందని మెషీన్ అనుకుంటే తెరకి బొమ్మ పంపడమే మానేస్తుంది. టార్చి వేసినా నల్లగాజు తప్ప ఏమీ కనపడకూడదు. ఇది నాకు బాగా తెలుసు. తెలిసే టార్చి వేశాను.

తెల్లటి కాగితం. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు. చూపు సరిగ్గా లేనివాళ్ళ కోసం పెట్టుకునేంత పెద్దవి. ఒక్కొక్కటే పడుతున్నాయి. చాలా నెమ్మదిగా... ఒక అక్షరం పడ్డాక ఇంకోటి పడేలోపు ఊపిరి నాలుగైదుసార్లు తీసుకోవచ్చు.

వదినా

తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

నీళ్ళు

మీటల వైపు చూశాను. ఏ మీటా కదలడం లేదు.

వదినా నీళ్ళు

వదినా మూత తియ్యి

టార్చి వెలుగు తెర మీద అటూ ఇటూ ఊగింది. అక్షరాలు ఆగిపోయాయి. ఆగిపోయి... మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి కొంచెం తొందరగా.

వెలుతురు



ఎవరు

ఎవరు అక్కడ

నేను మూత వేసేశాను.

ఆలోచించి చేసిన పని కాదు. కాలి మీద తేలు పాకితే విదిలించినట్టు చేశాను. రెండు చేతులతో మూత నొక్కి పట్టుకుని కూర్చున్నాను. వాన చప్పుడు వింటున్నాను. అప్పుడు నా అరచేతుల కింద, లోపల్నించి, సన్నగా...

టింగ్.

నర్సుని పిలిచే గంట లాంటి చప్పుడు.

టింగ్. టింగ్.

బోర్లా తిప్పి బ్యాటరీ ఊడబెరికాను. చప్పుడు ఆగింది. షట్టర్ పూర్తిగా ఎత్తి, వానలో వీధి మధ్యలో నిలబడ్డాను. తడిసి ముద్దయ్యాక గానీ లోపలికి రాలేదు.

ఆ రోజు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు కొట్టులో పది మంది తిరిగే వేళ చూసి, ఆ మెషీన్ డిస్క్ మాత్రం తీసి నా కంప్యూటర్‌కి తగిలించాను. పాత సామాన్ల తాత పైపైన తుడిచి అమ్ముతాడు, లోపలి డైరీ జోలికి పోడు. వెనక్కి వెనక్కి వెళ్ళాను. కొన్ని నెలలు ఖాళీ. దానికి ముందు, రోజూ. మూత మూశారు, మూత తెరిచారు. మూశారు, తెరిచారు. రోజుకి పదిహేనుసార్లు, ఇరవైసార్లు. మొదట్లో ఐదు నిమిషాలు మూసి ఉంచేవాళ్ళు. తర్వాత అరగంట. ఆ తర్వాత సార్లు తగ్గి, రెండేసి గంటలు. ఇలా నాలుగేళ్ళు.

చివర్లో ఒకరోజు మధ్యాహ్నం రెండూ పదికి మూశారు. మళ్ళీ తెరిచింది మూడు రోజుల తర్వాత, సాయంత్రం.

ఆ తర్వాత ఎవరూ మూయలేదు, తెరవలేదు.

పాత సామాన్ల తాత గొడౌన్‌కి వెళ్ళాను. ఆయన తుప్పుపట్టిన ఫ్యాన్ల మధ్య కూర్చుని రేడియో వింటున్నాడు.

"తాతా, చెల్లెలికి ఇచ్చిన ఆ లాప్‌టాప్ ఎవరింట్లో కొన్నావు?"

"ఏం, పాడైందా? తిరిగి తీసుకోను, ముందే చెప్పాను."

"తిరిగివ్వడానికి రాలేదు. వాళ్ళ కాగితాలు ఉండిపోయాయి అందులో."

ఆయన రేడియో తగ్గించాడు. "దర్జీ ఇంట్లో. మంచం, చక్రాల కుర్చీ, ఇదీ కలిపి కొన్నాను. మంచాన పడ్డ మనిషి ఎవరో పోయాడు. ఆ ఇల్లాలు ఒక్కటే మాట అంది. మంచం మడిచి ఇస్తాను, ఈ పెట్టె మాత్రం మా ఇంట్లో తెరవకు బాబూ అంది. పనిచేస్తుందో లేదో చూసుకోకుండా ఎవరైనా కొంటారా? వీధిలోకి తెచ్చి తెరిచి చూసుకున్నాను."

ఆ ఇల్లు నూలు మిల్లు వెనక సందులో ఉంది. దర్జీ బజార్లో తన కొట్టులో ఉన్నాడు, ఆవిడ ఒక్కతే ఉంది. యాభై ఏళ్ళుంటాయి. జుట్టు బిగించి ముడివేసుకుని, కొంగు నడుముకి దోపుకుని, అప్పుడే ఇల్లు తుడిచినట్టుంది. నేను లాప్‌టాప్ సంచి తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"పిన్నిగారూ, మీరు అమ్మిన లాప్‌టాప్‌లో మీవాళ్ళవి కొన్ని మిగిలిపోయాయి. ఇచ్చేద్దామని వచ్చాను."

"చెరిపెయ్యండమ్మా. మాకేం అక్కర్లేదు."

"మీ మరిదిగారు రాసుకున్నవి."

తలుపు మూయబోతున్న ఆవిడ చెయ్యి ఆగింది. చాలాసేపు నా మొహంలోకి చూసింది. "లోపలికి రండి," అంది.

తీసుకెళ్ళింది అతని గదిలోకే. ఇప్పుడక్కడ గుడ్డల తానులు పేర్చి ఉన్నాయి. వాటి వెనక గోడకి మనిషి తల ఎత్తులో గుండ్రటి జిడ్డు మరక. నా చూపు దాని మీద పడటం ఆవిడ గమనించింది.

"రెండుసార్లు సున్నం వేయించాం. మళ్ళీ పైకొస్తుంది," అంది. కూర్చుని, నేను అడగకుండానే మొదలుపెట్టింది. అడిగేవాళ్ళ కోసం ఎదురుచూస్తున్న మనిషిలా.

"పరంజా మీంచి పడ్డాడమ్మా. మెడ కింద నుంచి ఏదీ కదలదు, కుడిచేతి బొటనవేలు తప్ప. మాట కూడా పోయింది. ఆ వేలికి ఒక బటన్ కట్టి, ఆ పెట్టెలో అక్షరాలు ఏరుకుంటూ మాట్లాడేలా ఎవరో అమర్చి ఇచ్చారు. నాలుగేళ్ళు చేశాను. మలమూత్రాలు ఎత్తిపోయడం, తుడవడం, పుండ్లు కడగడం... మా ఆయన ఒక్కరోజు ముక్కు మూసుకోకుండా ఈ గదిలోకి రాలేదు. అన్నీ నేనే. అతనేమో ఇరవైనాలుగ్గంటలూ పిలుస్తాడు. దురద వేస్తోందని, చెమట పడుతోందని, దాహమని, ఏమీ లేకపోతే వదినా ఉన్నావా అని. టింగు టింగుమని అదొకటే మోత. ఒకరోజు తట్టుకోలేక మూత వేశాను. ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందో. ఎన్నాళ్ళకో కూర్చుని ఒక గ్లాసు నీళ్ళు నెమ్మదిగా తాగాను."

"అతను?"

"కళ్ళతో చూసేవాడు. అంతే కదా చెయ్యగలిగింది."

బయట ఎవరో సైకిల్ గంట కొడుతూ పోయారు. ఆవిడ ఆ చప్పుడికి ఉలిక్కిపడి, మళ్ళీ సర్దుకుంది.

"మా అమ్మకి ఆపరేషనన్నారు. ఇద్దరం బయల్దేరాం. మూడు రోజులు పక్కింటావిడ చూసుకుంటానంది. వెళ్ళొద్దని ఒకటే పిలిచాడు. వదినా వెళ్ళకు, వదినా వెళ్ళకు అని. ఆలస్యమైపోతోందని మూత వేశాను. ఇంటికి తాళం పెట్టి బయల్దేరాం. తాళంచెవి పక్కింట్లో మా ఆయన ఇచ్చాడనుకున్నాను. నేను ఇచ్చాననుకున్నాడాయన. పక్కింటావిడేమో మేం అతన్ని కూడా తీసుకెళ్ళామనుకుంది." ఆవిడ తన అరచేతులకేసి చూసుకుంది. "తాళంచెవి నా సంచిలోనే ఉంది. మూడో రోజు వచ్చి తాళం తీయబోతే గానీ నాకు గుర్తు రాలేదు."

ఆవిడని తిట్టాలని రాలేదు నేను. ఓదార్చాలనీ కాదు.

"పిన్నిగారూ, ఆయన ఇంకా అడుగుతున్నారు," అన్నాను.

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూడలేదు. లేచి కిటికీ తెర లాగింది. "చూపించండి," అంది.

బ్యాటరీ పెట్టి, మెషీన్ వెలిగించి, స్టూలు మీద ఆవిడ వైపు తిప్పాను. టార్చి ఆవిడ చేతికిచ్చాను. ఎక్కువసేపు ఆగక్కర్లేకపోయింది. వాసన వచ్చింది. తెర పోయింది. ఆవిడ టార్చి వేసి ముందుకు వంగింది.

నేను ఎదురుగా కూర్చున్నాను. నాకు మూత వీపు మాత్రమే కనపడుతోంది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటున్నట్టు. కాసేపటికి ఆవిడ మొహంలో రంగు పోయింది. అయినా టార్చి కదల్లేదు.

"అవును నాన్నా. నేనే," అంది గుసగుసగా. కొంచెంసేపాగి, "తెలుసు," అంది. ఇంకొంచెంసేపాగి, "సరే," అంది.

"ఏమంటున్నారు?" అని అడిగాను.

"దాహం వేస్తోందట. అంతే."

అంతే అయితే అన్ని అక్షరాలు చదవక్కర్లేదు. కానీ నేను రెట్టించలేదు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. అందులో గొట్టం వేసి, గొట్టం కొస తెర వైపు వంచి, మెషీన్ పక్కన పెట్టింది. ఎన్నో వేలసార్లు చేసి అలవాటైన చేతుల్లా ఉన్నాయవి.

"మీరెళ్ళండమ్మా. ఇది నా దగ్గర ఉంటుంది."

"పిన్నిగారూ, మీరొక్కరూ..."

"నేను చూసుకుంటాను."

సందులోకి వచ్చాక తల మీంచి బరువు దిగినట్టయింది. దాచడమెందుకు, మళ్ళీ దాన్ని కళ్ళచూడక్కర్లేదని పండగలా అనిపించింది. చెల్లెలు నా లాప్‌టాప్ మీదే పని చేసుకుంది. నెల తిరక్కముందే ఉంచుకుంటున్నామని ఉత్తరం వచ్చింది. దాన్ని నాకు రెండుసార్లు చదివి వినిపించింది. ఎనిమిది నెలల్లో అది నవ్వడం నేను చూసింది అప్పుడే. మొత్తానికి మంచే జరిగిందని నాకు నేనే చెప్పుకున్నాను.

మెషీన్ ఆవిడ దగ్గర వదిలొచ్చిన పన్నెండు రోజుల తర్వాత, పొద్దున్నే కొట్టు తీసి బల్ల తుడుచుకుంటుంటే ఒకాయన వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మెడలో కొలతల టేపు వేలాడుతూ. తీసి రావడం మర్చిపోయినట్టున్నాడు. ఎవరో ఆయన చెప్పకముందే నాకు అర్థమైంది.

"మా ఇంట్లో ఆ పెట్టె పెట్టి వెళ్ళింది మీరేనా అమ్మా?"

"నేనే బాబాయిగారూ. పిన్నిగారు ఎలా ఉన్నారు?"

ఆయన లోపలికి వంగి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "ఆస్పత్రిలో ఉంది. రోజంతా టార్చి పట్టుకుని దాని ముందే కూర్చునేది. ఏం చదువుతున్నావంటే చెప్పేది కాదు. నీళ్ళు మాత్రం తాగేది. గ్లాసులు కాదమ్మా, బిందెలు. నా కళ్ళతో చూశాను. మొన్న పడిపోయింది. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఈవిడకి మూడు రోజులుగా ఎందుకు నీళ్ళివ్వలేదని అడిగాడు. నాలుక బీటలు వారిపోయిందట. ఒంట్లో తడే లేదట. ఇచ్చానండీ అంటే నమ్మడు. పోలీసులకి చెప్తానంటాడు."

"ఆ మెషీన్ ఏది?"

"ఇంట్లో ఆ గదిలోనే ఉంది. స్పృహ ఉన్నంతసేపూ ఒకటే గోల, దాని మూత వెయ్యొద్దని. ఎవరూ వెయ్యొద్దని." ఆయన గొంతు సవరించుకున్నాడు. అది సవరించినట్టు లేదు, ఎండుటాకు నలిపినట్టుంది. "నిన్న సాయంత్రం బట్టలు తీసుకెళ్దామని ఇంటికెళ్ళాను. అది టింగు టింగుమంటోంది. అదే మోత, వెనకటిలాగే. ఒళ్ళు మండిపోయింది. నేను వేసేశాను. ఇప్పటికీ మూసే ఉంది."

మెడలోని టేపు తీసి వేళ్ళకి చుట్టుకున్నాడు.

"వేస్తే ఏమవుతుందో మీకు తెలుసేమోనని వచ్చాను," అన్నాడు.

ఆయన నా జవాబు కోసం ఆగలేదు. నా వెనక ఉన్న నీళ్ళ క్యాను వైపు చూస్తున్నాడు.

"కొంచెం నీళ్ళివ్వమ్మా."

గ్లాసు నింపి ఇచ్చాను. గుక్క తిప్పుకోకుండా తాగి చేయి చాచాడు. మళ్ళీ నింపాను. మళ్ళీ చాచాడు. ఐదో గ్లాసుకో ఆరో గ్లాసుకో నన్ను పక్కకి తప్పించి, తనే క్యాను ముందు మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకున్నాడు. గొంతు ముడి పైకీ కిందికీ ఆడుతోంది. క్యానులో నీళ్ళ మట్టం దిగుతోంది. నేను చూస్తుండగానే దిగుతోంది... బుడగలు లేచి, గుడగుడమని, ఆగిపోయింది. పొద్దున్నే వేయించిన నిండు క్యాను అది.

ఆయన నా వైపు తిరిగాడు. పెదవులు పగిలి తెల్లగా ఉన్నాయి. గడ్డం మీద గానీ, చొక్కా మీద గానీ ఒక్క చుక్క తడి లేదు.

"ఇంకాసిని ఉన్నాయా అమ్మా?"

గ్లాసు నా చేతికిచ్చాడు. తీసుకుని లోపలికి చూశాను. వేలు పెట్టి అడుగున రుద్దాను.

వేలికి దుమ్ము అంటుకుంది.